లేని గొర్ల కోసం ఇరిగిన చెయ్యి

నా కుడికాలి బొటనవేలు వంకర. చెప్పులకెళ్లి పక్కకు చూస్తుంటది, పెండ్లిల అలిగి కూసున్న మనిషి లెక్క. ఎవలన్న అడిగితె తోడేలు కొరికిందని చెప్త. మర్రిగూడ అవతల గుట్టల్ల, పట్టపగలు, మంద మీదికి దుంకిన తోడేలు నోట్లె కాలు వెట్టి ఆపి, చేతిల గొడ్డలితోని దాని నెత్తి రెండు చెక్కలు చేసిన అని. వినేటోడు నోరు తెరిచిండంటె ఇంకొక తోడేలును గూడ తోల్కొస్త. ఒకసారి బస్సుల నిలబడి మూడు తోడేండ్ల కథ చెప్పిన. ఒక పిలగాడు లేచి సీటిచ్చిండు.

అవి తోడేండ్లు కావు, కుక్కలు. కోళ్ల ఫారాల వెనుక పారేసిన సచ్చిన కోళ్లను తిని నెత్తురు మరిగిన కుక్కలు. నేను వాటిని ఆపింది గూడ లేదు. నేను పొయ్యేటాల్లకు అయ్యేది అయిపోయింది. వేలు సంగతి అంటరా, దాన్ని కుక్క గూడ ముట్టలేదు. అది ఎట్ల ఇరిగిందో చెప్పాలంటె మా మనుమరాలి చదువు గురించి చెప్పాలె.

పత్తి పగిలే రోజులు. పొద్దుగాల నేను చాయ తాగుతున్న. గొర్రె భయమైతె నోరు తెరువది, గొంతు వట్టినంక అసలే తెరువది. మాకు ఇనొచ్చింది దొడ్డికి కట్టిన ఇనుప జాలి కొట్టుకునే సప్పుడే. ఉరికినం. గొర్రెపిల్లలు గొంతులు చీలి ఒకదాని మీద ఒకటి పడున్నయి. ఒక సూడిగొర్రె పొట్ట చినిగి, పేగులు మన్నుల ఈడ్సుకుంట నడుస్తున్నది. నడుసుకుంటనే గడ్డి కొరుకుతున్నది. నేను దాని తల ఒడిల వెట్టుకొని గొంతు కోసిన. నా కొడుకు ఒక కుక్కను మూలకు ఒత్తి కట్టెతోని కొట్టిండు. అది సచ్చింది. సచ్చినంక గూడ కొట్టిండు. దాని ముఖం ముఖం లెక్క లేకుంట అయ్యేదాక కొట్టి, ఇగ చెయ్యి లేవక కట్టె పారేసి కూసున్నడు. నోట్లెకెళ్లి మాట వచ్చే ముందుగాల చెయ్యి లేసే మనిషి వాడు. ఎవల పోలికరా అంటె ఇంట్ల అందరు నా దిక్కే చూస్తరు.

మనుమరాలు వచ్చి, ఎన్ని పోయినయి తాతా అని అడిగింది. ముప్పై అన్న. అక్కడ పడున్నయి తొమ్మిదే. పిల్ల ఒకసారి నేల దిక్కు, ఒకసారి నా దిక్కు చూసి నోరు మూసుకున్నది. మా తాత ఒక్కడే గిట్ల అనుకున్నది పాపం.

ఆ పిల్ల నల్లగొండల డిగ్రీ చేసింది, లెక్కలు, కంప్యూటర్లు. చేసినంక ఇంటికొచ్చి డేటా అనలిటిక్స్ అనేదానికి తయారైతుండె. అదేందే అని నేను అడిగితె, ఊరు మీద కుప్పలు కుప్పలుగ లెక్కలు పడుంటయి తాతా, వాటిని ఏరి, కడిగి, అవి ఏం చెప్తున్నయో చూసుడు అన్నది. మన అవ్వ బియ్యంల రాళ్లు ఏరినట్టా అన్న. గంతే అనుకో అన్నది. ఇంట్ల సిగ్నల్ లేదు. ల్యాప్‌టాప్ పట్టుకొని నీళ్ల ట్యాంకు మెట్ల మీద కూసొని ఆన్‌లైన్ క్లాసు ఇనేది. పొద్దూకి దొడ్డికాడికొచ్చి గొర్ల ముందల నిలబడి ఇంటర్వ్యూల చెప్పే మాటలు ఇంగ్లీషుల ఒప్పజెప్పేది. గొర్లు నెమరేసుకుంట మంచిగనే ఇనేటియి. నేను మధ్యల ప్రశ్నలు అడుగుదునంటె ఆమె నన్ను పొట్టేలు పక్కన కూసోమన్నది.

పాఠం చెప్పే సారు ఒక్క మాట గట్టిగ చెప్పిండంట. అందరు నెట్టుల దొరికే ఒకటే లెక్క పట్కపోతరు, ఎన్నడో మునిగిన ఓడల ఎవలు బతికిండ్రు ఎవలు సచ్చిండ్రు అని. ఇంటర్వ్యూ చేసేటోళ్లకు ఆ ఓడను చూసి చూసి ఇసుగొచ్చింది. మీ జాగల, మీ కాళ్లతోని తిరిగి తెచ్చిన లెక్క చూపిస్తెనే పనికొస్తది అన్నడంట. హైదరాబాదుల ఒక కంపెనీ వాళ్ల బ్యాచోళ్లను పిలుస్తున్నది. సొంత ప్రాజెక్టు ఉన్నోళ్లకే పిలుపు. ఇక్కడ నా కొడుకు మండలంల ఎరువుల దుకాణపాయనతోని మాట్లాడి పెట్టిండు. పత్తి ఏరుడు అయ్యేటాల్లకు కంపెనీల పని దొరికిందా సరె, లేకపోతె ల్యాప్‌టాప్ మూసి ఆ దుకాణంల బిల్లులు రాసుకుంట కూసోవాలె. పిల్ల ఒప్పుకున్నది. ఒప్పుకున్న రోజు అన్నం తినలేదు.

కుక్కలు పడ్డ రోజే ఆమెకు ప్రాజెక్టు దొరికింది. మా చుట్టుపక్కల ఏ దొడ్డిల ఎన్ని గొర్లు పోతున్నయి, కుక్కలకా, రోగానికా, దొంగలకా. దొంగలు గూడ ఉన్నరు మరి. బండి మీద ఇద్దరొచ్చి గొర్రెపిల్లను ఎత్తి నడుమ కూసోవెట్టుకొని చిట్యాల దిక్కు రోడ్డెక్కితె ఎవలు పట్టుకుంటరు. మాయి రెండు గట్లనే పోయినయి. అప్పటిసంది నా కొడుకు కండ్లు ఎర్రగనే ఉన్నయి.

ఆడపిల్ల ఒక్కతి పోయి అడిగితె దొడ్డోళ్లు ముచ్చట చెప్పరని నన్ను తోలుకపోయింది. దొడ్డి దొడ్డికి పోయినం. ఆమె అడిగేది రెండే పెద్ద ముచ్చట్లు. పోయిన వానకాలం సర్కారోళ్లొచ్చి కడుపుల పురుగుల మందు పోసిన నాడు మీయి ఎన్ని గొర్లు, ఇయ్యాల ఎన్ని. నడుమల పుట్టినయి, సచ్చినయి, అమ్మినయి. అందరు చెప్పిండ్రు. మా మంద లెక్క నేనే చెప్పిన, ఆమె పక్కన నిలబడి, మీసం మీద చెయ్యేసుకొని. నా కొడుకు అక్కడనే ఉండి నోరు మెదపలేదు.

పడమటి దిక్కు ఉన్న దొడ్డి మా బామ్మర్దిది. నా భార్యకు సొంత తమ్ముడు, నా కొడుకుకు మేనమామ. మేమిద్దరం కలిసినమంటె తిట్టుకునుడే. ఆయన నన్ను అబద్ధాల బస్తా అంటడు, నేనాయన్ను ఉప్పులేని చారు అంట. ఆ పొద్దు గూడ, గీ ముసలోన్ని ఎంట వెట్టుకొని తిరిగితె నీ లెక్కల కాకి గూడ పులి అయితది బిడ్డా అన్నడు. ఆమె అడిగిన దానికి మాత్రం ఎనుకముందు చూడకుంట చెప్పిండు. చదువుకునే పిల్ల అడుగుతున్నదని ఒక్కొక్కటి వేళ్ల మీద పట్టి చెప్పిండు. నాకు నవ్వొచ్చింది, ఎంత ఎడ్డి మనిషిరా అని. ఆ నవ్వు ఎందుకో అప్పుడు ఆమెకు చెప్పలేదు.

ఆమె వారం దినాలు ట్యాంకు మెట్ల మీదనే ఉన్నది. అన్ని కూడి, అన్ని తీసేసి, ఇగ జవాబు దొరకని గొర్లు ఎన్నో ఒక్కొక్క దొడ్డికి ఒక్కొక్క నిలువు గీత గీసింది. ఎర్ర రంగు. బువ్వ తినేటప్పుడు నాకు చూపెడుతుంటె నా కొడుకు ఒంగి చూసిండు. అన్ని దొడ్లకు గీతలు పొడుగ్గ లేసినయి, మాది గూడ. ఒక్క జాగ మాత్రం ఖాళీ. గిది ఎవలదని అడిగిండు. ఆమె కొత్తగ నేర్సుకున్న మాట చెప్పే సంబరంల, గుంపుల కలువనిది ఒకటి ఉంటె దాన్నే ముందుగాల చూడాలె నాయినా, గిది పడమటి దొడ్డి, నీ మేనమామది, ఒక్కటి గూడ పోలేదు అన్నది.

నా కొడుకు చెయ్యి కడుక్కోకుంటనే లేచిండు.

పొద్దుగాలకు ఆ బొమ్మ, నా కొడుకు తీసిన ఫోటో, ఫోన్ల మీదికెళ్లి అన్ని దొడ్లకు చేరింది. అందరి గొర్లు పోతున్నయి, ఒక్కని గొర్లు పోతలేవు. పోయినయి యాడికి పోయినట్టు. ఆలోచించే పని లేదు, బొమ్మనే చెప్తున్నది. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలె. కట్టెలు పట్టుకొని పడమటికి పోయినోళ్లల్ల ఒక్కొక్కనికి తను చెప్పిన లెక్క అబద్ధమని తెలుసు. నాకు తెల్వదా నాది. కాని మిగిలినోళ్లంత నిజం చెప్పిండ్రనుకున్నం. అదీగాక కంప్యూటర్ల కెళ్లి వచ్చింది గదా. మా నోట్లెకెళ్లి పోయిన అబద్ధమే రంగు పూసుకొని తెర మీదికొస్తె మేమే నమ్మినం.

బామ్మర్ది అప్పుడు ఒక పిల్లను తల్లి పొదుగుకు పట్టి పాలు తాగిపిస్తున్నడు. నేను వాళ్లకు అడ్డం వడ్డ. రెండు చేతులు చాపి, నా బామ్మర్ది మీద చెయ్యి వేసే మొగోడు ముందుగాల నా మీదికెళ్లి పోవాలె అన్న. ఇద్దరి కట్టెలు గుంజి మోకాలికేసి ఇరిసిన.

అబద్ధం. ఉరుకుతుంటె నా ధోతి దొడ్డి కంపకు తట్టుకున్నది. ముండ్లల్ల ఇరికి, ముందుకు రాక ఎనుకకు పోక, బట్టల దుకాణంల బొమ్మ లెక్క నిలబడి చూసిన. అందుకే అంత బాగ చూసిన.

మొదటి దెబ్బ ఈపు మీద పడ్డది. ఆయన చేతిలకెళ్లి పిల్ల జారింది. తిరిగి చూసి, కొట్టింది ఎవలో చూసి, ఆయన కట్టె ఎతుకలేదు, గొడ్డలి ఎతుకలేదు.

"ఏందిరా అల్లుడా" అన్నడు.

రెండో దెబ్బకు ఎడమ చెయ్యి అడ్డం వెట్టిండు. ఎండిన కందికట్టె ఇరిగినట్టు ఇనొచ్చింది. మోచేతి కింద తోలు చీలి తెల్లగ ఒకటి బయటికొచ్చింది, వెంటనే దాని మీద నెత్తురు నిండింది. ఆయన కుక్క ఎగిరి నా కొడుకు పిక్క పట్టింది. కండ ఊడొచ్చేదాక వదలలేదు. ఎవడో దాని నడుము మీద గొడ్డలి ఏసిండు. అది ముందు కాళ్ల మీద ఈడ్సుకుంట పోయి యజమాని పక్కన పడ్డది. మిగిలినోళ్లు ఆయన్ను కాళ్లతోని తన్నిండ్రు, పక్కల్ల, పొట్టల. ఆయన ఇరిగిన చెయ్యిని కడుపు కింద దాసుకొని ముడుసుకున్నడు. నేను కంపల కెళ్లి ధోతి గుంజుకుంటనే ఉన్న.

దొడ్డి తెరిచి మా గొర్లు ఎతికిండ్రు. మా దిక్కు ఒక్కొక్కలది ఒక్కొక్క చెవి గాటు. ఒకలది కొసకు కోత, ఒకలది పక్కకు చీలిక. ఎవల గొర్రె ఎవలదో మసక ఎలుతుర్ల గూడ చెవి తడిమి చెప్తం. మందనంత ఒక్కొక్కదాన్ని పట్టి చూసిండ్రు. అన్ని చెవుల మీద ఆయన గాటే. అప్పుడన్న ఆగాలె. అంటె మనయి అమ్ముకున్నడు అని ఇంకో రెండు తన్నిండ్రు.

నల్లగొండ పెద్ద దవాఖానల చేతికి లోపల కడ్డీలు వెట్టిండ్రు. పోలీసోళ్లు వచ్చి అడిగితె బామ్మర్ది పొట్టేలు పొడిచిందని చెప్పిండు. ఆయన జిందగీల చెప్పిన ఒకే ఒక అబద్ధం అదేనేమో. చెప్పుటానికి రాక డాక్టరు ముందల మూడుసార్లు తడవడ్డడంట.

నా భార్య కొడుకును చీపురుకట్టతోని కొట్టింది. అంత పెద్ద మనిషి కాలుకు కట్టు కట్టుకొని కూసొని తల వంచి కొట్టిచ్చుకున్నడు. ఏ చెయ్యి నా తమ్ముని చెయ్యి ఇరిసిందో ఆ చేతికి బువ్వ వెట్టనని, మూట కట్టుకొని తమ్మునింటికి పోయింది. కంపల ఇరికిన నాకు గూడ బువ్వ లేదన్నది. కంపెనీకెళ్లి, ప్రాజెక్టు పంపుమని మనుమరాలికి ఫోన్ వచ్చింది. ఆమె ఫోన్ బోర్ల వెట్టింది.

రెండో రోజు పగటిపూట బామ్మర్ది కొడుకు వచ్చిండు. పాలమూరు దిక్కు జేసీబీ నడుపుతడు. ఇంటికి పోకుంట, తండ్రిని చూడకుంట, నేరుగ మా వాకిట్లకు వచ్చిండు, చేతిల గొడ్డలి. బయటికి రా బావా అని పిలిచిండు. నా కొడుకు కుంటుకుంట బయటికొచ్చిండు, వాని చేతిల గూడ గొడ్డలి. ఇద్దరు చిన్నప్పుడు ఒకటే గొంగడి కింద పండిన పిలగాండ్లు. చెయ్యికి చెయ్యి కాదు బావా, నాకు రెండు కావాలె అన్నడు ఆ పిలగాడు. అరిచి చెప్తె భయం కాకపోవు. మెల్లగ చెప్పిండు.

మనుమరాలు లోపలికెళ్లి వచ్చింది. ఒక చేతిల ల్యాప్‌టాప్, ఇంకొక చేతిల రోకలి. ఇద్దరి నడుమ ఉన్న బండ మీద ల్యాప్‌టాప్ తెరిచి వెట్టింది.

"కొట్టింది మా నాయిన గాదు మామా, ఇది. ముందుగాల దీన్ని సంపుత, తర్వాత మీరు మీరు సంపుకోండ్రి" అన్నది.

రోకలి లేపింది. నేను పోయి పట్టుకున్న. ఈసారి ధోతి యాడ తట్టుకోలేదు. విడువు తాతా అన్నది. ఆమె ముఖం చూస్తె నా కొడుకు కుక్కను కొట్టిన నాటి ముఖం. ఇది పగిలిందంటె ఆమె ఎరువుల దుకాణంకే పోతది, పోయి, ఇగ లెక్క అంటెనే చెయ్యి వణికే మనిషి అయితది. నాకు అది కనవడ్డది.

"పాడు ముచ్చట చెప్త ఇను. నీకు నేను డెబ్బై అని చెప్పిన. నూరు దాటి ఉన్నయి" అన్న.

ఆమె రోకలి దించలేదు. ఎందుకు చెప్పినవని అడిగింది. దిష్టి, అన్న. ఉన్నయి ఉన్నట్టు బయటికి చెప్తె మందకు కన్ను తగుల్తది. మా నాయిన చెప్పలే, ఆయన నాయిన చెప్పలే. అడిగినోడు ఎవడైన సరె, సగం మింగి చెప్పాలె. మరి మందు పోసిన నాటి లెక్క ఎక్కువ చెప్పినవు గదా అన్నది. అవును, అది ఎక్కువనే చెప్తం. సర్కారు మందు తల లెక్కన ఇస్తరు, ఉన్నదానికంటె ఇరవై ఎక్కువ చెప్తె సీసాల మందు మిగుల్తది, తర్వాత పనికొస్తది. మందు నాడు పెంచుతం, మామూలు నాడు తగ్గిస్తం. ఆ రెంటి నడుమ ఉన్న గొర్లు ఏ కుక్క తినలేదు, ఏ దొంగ ఎత్తుకపోలేదు. అవి పుట్టనే లేదు బిడ్డా.

నా కొడుకు గొడ్డలి దిక్కు చూసుకుంట, నేను గూడ గంతే చెప్తుంటి అన్నడు. మా అందరిది గంతే. జేసీబీ పిలగాడు అడిగిండు, మరి మా నాయిన?

మనుమరాలు బండ మీద తెర దిక్కు చూసింది. చూసి చూసి చెప్పింది.

"ఆయన మందు నాడు చెప్పిన లెక్కకు, నాకు చెప్పిన లెక్కకు తేడా లేదు. ఒక్కడే నిజం చెప్పిండు. అందుకే గుంపుల కలువలే."

రోకలి అప్పుడు పడ్డది, నా బొటనవేలి మీద. చేతిలకెళ్లి జారిందని ఆమె అంటది. ఇసిరిందని నేనంట. ఈ ఒక్క దాంట్ల ఎవలది నిజమో నాకు గూడ తెల్వదు. నొప్పికి నేను పెట్టిన కేకకు ఆ ఇద్దరు గొడ్డండ్లు పారేసి నన్ను లేపవట్టిండ్రు. లేని గొర్ల కోసం ఉన్న చెయ్యి ఒకటి ఇరిగింది. ఇగ చాలనుకున్నరో ఏమో, మల్ల గొడ్డండ్ల దిక్కు చూడలేదు.

కులపెద్దలు అందర్ని తాగేనీళ్ల ప్లాంటు ముందల కూసోవెట్టిండ్రు. నేను లేచి గంటసేపు మాట్లాడిన. నా మాటకు రాళ్లు గూడ కరిగినయి. నిజం చెప్పాలంటె నాలుగు మాటలకే కూసున్న, మిగిలింది మనుమరాలు చెప్పింది. అబద్ధమని ఒక్కొక్కలు లేచి ఒర్లిండ్రు. మా లెక్కలు మావి, ముసలోడు వానిదొక్కటి చెప్పుకోవాలె అని ఒకడు నా చెవు మీద గట్టిగ ఒక్కటి ఇచ్చిండు. వారం దాక ఆ చెవుల ఈగ తిరిగినట్టే ఉండె. పిల్ల మాత్రం తగ్గలేదు. ఒర్లుడెందుకు, రేపు పొద్దుగాల మీ దొడ్డి తలుపుకాడ నేను నిలబడ్త, ఒక్కొక్కటి బయటికి తోలుండ్రి, మీరు నాకు చెప్పినదానికంటె ఎక్కువ రాకపోతె మా నాయిన చెయ్యి మీరే ఇరగ్గొట్టుండ్రి అన్నది. నా కొడుకు తల ఎత్తి ఆమె దిక్కు చూసి, సరె అన్నడు.

అందరి దొడ్లల్ల చెప్పినదానికంటె ఎక్కువే వచ్చినయి. గొర్లు తలుపు దాటుతుంటె ఆమె లెక్కవెట్టేది. నా భార్య తమ్మునింటికెళ్లి వచ్చి, దిష్టి పోవుటానికి ఎనుకనే ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్ల ఏసుకుంట తిరిగింది. మిరపకాయ ఘాటుకు ఒక్కొక్క దొడ్డాయన కండ్లు తుడుసుకున్నడు. ఘాటుకేనో, సిగ్గుకో నేను అడుగలేదు. పడమటి దొడ్డికాడ మాత్రం బామ్మర్ది తలుపు తియ్యలేదు. మంచంల కెళ్లి, నేను ఒకసారి చెప్పిన అన్నడు. గంతే. ఆమె తల వంచుకొని వచ్చింది.

పెద్దలు కేసు వద్దన్నరు. చెయ్యి అతికేదాక మేనమామ మందను నా కొడుకే మేపాలె, మేతకు చెట్ల మండలు కొట్టాలె, నీళ్లు తాపాలె అన్నరు. తన్నినోళ్లు దవాఖాన ఖర్చు పంచుకోవాలె. సచ్చిన కుక్కకు బదులు ఏమియ్యాలె అని అడిగితె, బామ్మర్ది ఏం వద్దని చెప్పి పంపిండు. ఆ కుక్కను తన దొడ్డి తలుపుకాడ బొందవెట్టిచ్చిండు. నా కొడుకు పొద్దుగాల పొద్దుగాల ఆ తలుపు దాటే పోవాలె.

ఇంటర్వ్యూకు నేనే ఎంట పోయిన. పిల్ల లోపలికి పోయినంక మెట్ల మీద కూసొని వాచ్‌మన్‌కు తోడేండ్ల కథ చెప్పిన. ఆమె బయటికొచ్చి లోపటి ముచ్చట చెప్పింది. రెండు బొమ్మలు చూపెట్టిందంట. పాత అబద్ధం బొమ్మ, కొత్త బొమ్మ. తప్పైన బొమ్మను ఎవరన్న దాసుకుంటరు, నువ్వెందుకు ముందుగాల వెట్టినవని అడిగితె, దీనికి ఒకాయన చెయ్యి ఇరిగిందని చెప్పిందంట. తర్వాత ఒకామె కొత్త బొమ్మల పడమటి దొడ్డి వరుస మీద వేలు వెట్టి, ఇది మల్ల లెక్కవెట్టినట్టు లేదు, ఎందుకు అని అడిగింది. నమ్మిన మనిషిని మల్ల లెక్కవెడితె మల్ల దొంగ అన్నట్టే మేడం అని మన పిల్ల. నమ్మకం నీది, కాని ఈ పనిల చూడనిదాన్ని చూడలేదనే రాయాలె అని ఆమె. మనుమరాలు నిజమే అని, వాళ్ల ముందలనే ఆ వరుస కింద రాసిందంట, ఇది చూసింది కాదు, చెప్పింది అని.

బస్సుల చిట్యాల దాటేదాక కిటికీకెళ్లి చూసుకుంటనే కూసున్నది. అంత రాసినంక ఇగ పని ఇయ్యరు తాతా అన్నది. ఇస్తరు, ఆ మేడం బయటికొచ్చి నాకు దండం వెట్టి చెప్పింది అన్న. ఆమె నవ్వింది. అంతకన్న పెద్ద అబద్ధం నేను చెప్పలేదనుకుంట.

పత్తికట్టె పీకుతున్నప్పుడు ఫోన్ వచ్చింది. తీసుకున్నరు. నా కొడుకు ఎరువుల దుకాణానికి తనే పోయి, మా పిల్ల రాదని చెప్పొచ్చిండు. మనుమరాలు మాత్రం అందరికంటె ముందుగాల పడమటి దొడ్డికి పోయింది. నేను ఎనుక కుంటుకుంట పోయిన. నా కొడుకు అక్కడనే ఉన్నడు, మేనమామ మందను తోలుకపోవుటానికి. బామ్మర్ది చెయ్యి అతికింది కాని వంకరగ అతికింది. ఆ చేతితోని మండలు కొట్టే కట్టె ఇగ లేవది.

ఆమె పని దొరికిన సంగతి చెప్పింది. ఆ వరుస కింద రాసిన మాట గూడ చెప్పింది, దాసలేదు. ఆయన లేచి, మంచి చెయ్యితోని తలుపు తాడు ఇప్పిండు.

"చూసింది కాదని ఎందుకుండాలె బిడ్డా. తొంభై రెండు ఉన్నయి. చూసుకో."

నా కొడుకు లోపలికి పోయి ఒక్కొక్కదాన్ని తోలిండు. అవి కుక్కను బొందవెట్టిన జాగ మీదికెళ్లి దుంకుకుంట పోయినయి. మనుమరాలు పెదవులు కదుపుకుంట నిలబడ్డది. ఆఖరిది దాటినంక ఆమె ముఖం మారింది. తొంభై మూడు అన్నది.

నేను నా కొడుకు చేతి దిక్కు చూసిన. కట్టె మీద వేళ్లు బిగిసినయి. అదొక అలవాటు, మనసుకంటె ముందుగాల చెయ్యికి తెలుస్తది. బామ్మర్ది గూడ ఆ వేళ్లనే చూస్తున్నడు. వంకర చెయ్యి మెల్లగ కడుపు మీదికి పోయింది.

అప్పుడు తలుపు అవతల గొర్రె ఒకటి సన్నగ పిలిచింది. దాటిపోయిన మందలనే ఒక తల్లి ఎనుకకు తిరిగి నిలబడ్డది. దాని కాళ్ల సందుల, ఇంక తడి ఆరని పిల్ల. మేం ముచ్చట వెట్టుకుంట కూసున్నప్పుడే లోపల ఈనింది. తల్లి కాళ్ల సందుల పడుకుంట లేసుకుంట తలుపు దాటిన దాన్ని గూడ మనుమరాలు లెక్కవెట్టింది. నిలబడబోయి పడుతున్నది, మల్ల నిలబడుతున్నది. దాని చెవి మీద ఇంక ఎవల గాటు లేదు.

బామ్మర్ది నా కొడుకు ముఖం దిక్కు చూసి, రాయించు అల్లుడా, అది గూడ అన్నడు. మనుమరాలు రాసుకున్నది. నా కొడుకు కట్టె కింద వెట్టి, పోయి పిల్లను ఎత్తుకొచ్చి తల్లి పొదుగుకు పట్టిండు.